పరిశోధకురాలి హేమంతము

ఆడపిల్లకు చదువు వలయునా వలదా యను చర్చ నేడు మన యిండ్లలో లేదు. పదవ తరగతి, ఇంటరు, డిగ్రీ: ఈ మెట్లు అందరును ఎరిగినవే. ఏ మెట్టునకు ఎన్ని యేండ్లు పట్టునో, దాని పిమ్మట నేమి వచ్చునో మన యింటి ముసలమ్మలు సైతము వ్రేళ్ళపై లెక్కించి చెప్పగలరు. కాని పిల్ల ఆ మెట్లన్నియు దాటి పరిశోధనలో అడుగిడెనా, మన లెక్క యచ్చట ఆగిపోవును. "ఇంకా చదువేనా? పరీక్షలెప్పుడు? ఎప్పటికి పూర్తవుతుంది?" అని యడుగుదుము. అందు ఏటేట పరీక్షలు లేవు, మార్కులు లేవు, ఇన్నవ తేదీకి ముగియునను నిశ్చయమును లేదు. పిల్లకు చెప్ప చేతకాదు, పెద్దలకు అడుగ చేతకాదు. అట్టి యింట నెమ్మది తరుగుట వింత కాదు.

గడచిన చలికాలమంతయు మేమొక పరిశోధకురాలిని దగ్గర నుండి చూచితిమి. ఆమె యనుమతి గైకొని, పేరును ఊరును విడిచి, చూచిన సంగతులను సోదరీమణులకు విన్నవించుచున్నాము. ఇట్టి కూతురు గల తల్లులకు ఇవి యక్కరకు వచ్చునని మా నమ్మకము.

మా కాపురము హైదరాబాదులోని బాలానగరున. మా వారు ఇచ్చటనే యొక పాఠశాలలో ఉపాధ్యాయులు. ఇది ఉద్యానవనములకును విహారములకును పేరువడిన చోటు కాదు. ఏ వీథిని పోయినను లేతు యంత్రముల చప్పుడు, ఇనుప రజను, లారీల రద్దీ. అయినను ఈ ప్రాంతమునకును మందులకును గల చుట్టరికము పాతది. 1961 లో నెలకొల్పబడిన ఐ.డి.పి.ఎల్. అను ప్రభుత్వ సంస్థ సోవియట్ దేశపు సాయముతో తన మందుల కర్మాగారములలో నొకదానిని ఇచ్చట కట్టించినది. గుంటూరు సీమలోని తాడేపల్లిలో పసుపు పండించు రైతు బిడ్డ అంజిరెడ్డిగారు పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పరిశోధన చేసి, 1969 లో డాక్టరేటు పొంది, ఉద్యోగమునకు చేరినది ఈ కర్మాగారముననే. వారే పిమ్మట 1984 లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. ఐ.డి.పి.ఎల్. కాలక్రమమున ఖాయిలా పడినది. అయినను ఆ యావరణమునుండి విద్య తొలగిపోలేదు. 2007 లో నైపర్ అను జాతీయ ఔషధ విద్యాసంస్థ యచ్చటనే వెలసి, నేటికిని పరిశోధక విద్యార్థులకు శిక్షణ మొసగుచున్నది.

ఇచ్చటినుండి కొలది మైళ్ళ దూరముననే 1998 లో సైబర్ టవర్స్ భవనముతో నారంభమైన హైటెక్ సిటీ కలదు. ఒక్క బల్లమీద కూర్చుండి ఫార్మసీ చదివిన స్నేహితురాండ్రలో నొకతె అచ్చట మెడికల్ కోడింగు పనికి కుదురును. నెల తిరిగినంతనే జీతము చేతబడును. రెండవయామె ప్రయోగశాల చేరును. మేము చెప్పబోవునది ఈ రెండవయామె మాట.

ఆ పిల్ల మా మేడమీది గదిలో అద్దెకుండును. గోదావరి సీమది, ఇరువదియారేండ్ల వయస్సు. ఈ సమీపముననే యొక పరిశోధనాలయమున నాలుగవ యేడు పని చేయుచున్నది. మమ్ము "అక్కయ్యగారూ" యని పిలుచును. ఉదయము ఎనిమిదిన్నరకు తలకు రుమాలు చుట్టుకొని వెడలును. రాత్రి తొమ్మిదికో పదికో తిరిగివచ్చును. సాయంత్రము ఒక పాత్రలో రెండు పదార్థములు కలిపి, నూనె తొట్టిలో పెట్టి, రాత్రియెల్ల సన్నని వేడిమీద తిరుగుచుండునట్లు అమర్చి వచ్చిననాడు ఆమెకు సరిగ నిద్రయుండదు. పొయ్యిమీద పాలు పెట్టి పడుకొన్నదాని నిద్రవంటిదే యది.

మార్గశీర్ష మాసమున నొకనాటి ప్రొద్దున మేము గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను పిట్టగోడమీద ఎండకు పెట్టుచుండగా ఆమె చూచి నవ్వినది. "మా ల్యాబులోనూ ఈ నెలంతా ఇదే పని, అక్కయ్యగారూ!" అన్నది. నీరు కలియని చిక్కని అసిటిక్ ఆమ్లము పదునారున్నర డిగ్రీల దరిదాపున గడ్డకట్టునట. డి.ఎం.ఎస్.ఓ. యను ద్రావకము పదునెనిమిదిన్నర డిగ్రీలకే బిగిసిపోవునట. మన నగరమున పుష్యమాసపు తెల్లవారుజాములు అంతకంటె చల్లగానే యుండును గదా. వచ్చినవెంటనే సీసాలను గోరువెచ్చని నీటిలో నుంచి, అవి కరగినదాక కాచుకొని, పిమ్మటనే పని మొదలుపెట్టవలెను. వంటయిల్లును ప్రయోగశాలయు వేరు లోకములని యెంచినవారము. ఆ మాటతో మాకు ఆమె పని కొంత చేరువైనది. ఆనాటినుండి మేము అడుగుటయు, ఆమె చెప్పుటయు నలవాటైనది.

ఆమె చేయబూనినది ఒక క్రొత్త పదార్థము. అది మందు కాదు. ముందెప్పుడో మందు కాగల వానిలో నొకటి. దానిని చేరుటకు ఎనిమిది మెట్లు. ఒక్కొక్క మెట్టున వేసిన సరకులో నూటికి డెబ్బది పాళ్ళు చేతికి వచ్చిన అది మంచి ఫలమే. మన యింటి లెక్కలో చూతము: నూటికి డెబ్బది, ఆ డెబ్బదికి నలువదితొమ్మిది, ఇట్లు ఎనిమిది మెట్లు గడచునప్పటికి నూరు పాళ్ళలో ఆరు పాళ్ళును మిగులవు. నెలల కష్టము చివరకు గోరంత తెల్లని పొడిగా సీసా అడుగున నిలుచును.

జరిగినది కోరినదేనా యని యెరుగుట వేరొక పని. పలుచని పూతగల చిన్న పలకమీద సూదిమొనవంటి గాజుగొట్టముతో చుక్క పెట్టి, దాని యంచును ద్రావకమున ముంచినచో, కలిసియున్న పదార్థములు విడివడి వేరువేరు ఎత్తులకు ప్రాకును. తడిసిన కాగితముమీద సిరాచుక్క నీలముగను ఎరుపుగను విడిపోవుట బడిపిల్లలు ఎరిగినదే. విడివడినవానిని వేరుచేయుటకు నిలువెత్తు గాజుగొట్టములో సిలికా పొడి నింపి, పైనుండి పోసి, క్రిందినుండి బొట్టుబొట్టుగా నూరు పరీక్షనాళికలలో పట్టవలెను. మూడు నాలుగు గంటలు అచ్చటినుండి కదలరాదు. ఇంతయు చేసి చూడగా, వచ్చినది వేసినదే కావచ్చును. ఏమియు జరుగకపోయి యుండవచ్చును. ఆమెకు అయిదవ మెట్టున అట్లే యగుచుండెను. దసరానాటినుండి సంక్రాంతి దాపురించువరకు అదే మెట్టు, అదే నిరాశ.

మా తండ్రిగారు చిన్ననాట మాకు భాగవతము చెప్పిరి. అష్టమ స్కంధములోని సముద్రమథన కథ నొకరాత్రి ఆమెకు చెప్పితిమి. దేవదానవులు చిలుకగా మొదట పుట్టినది అమృతము కాదు, హాలాహలము. అమృతకలశము పట్టి వైద్యులకు దైవమగు ధన్వంతరి వచ్చినది అన్నిటికిని కడపట. ఆమె యంతయు విని, "అందాకా వచ్చే హాలాహలాన్ని మింగడానికి వాళ్ళకు శివుడున్నాడు. మాకెవరున్నారు, అక్కయ్యగారూ?" అన్నది. నవ్వుచునే యన్నది గాని ఆ మాట మా మనసున నిలిచిపోయినది.

ప్రయోగశాల వెలుపలి బ్రతుకును చెప్పవలెను. కేంద్రప్రభుత్వపు జూనియరు పరిశోధక వేతనము 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలు. రెండేండ్లు గడచి, పని మెప్పు పొందిన పిమ్మట 42,000. చెప్పుకొనుటకు చిన్న మొత్తము కాదు. కాని యది నెలనెల చేరుననుట కల్ల. ఏ బల్లమీద కాగితము ఆగునో, ఒక్కొకప్పుడు మూడు నెలలది కూడి యొక్కమారు వచ్చును. ఆ లోపల అద్దె, భోజనము, తమ్ముని కాలేజీ రుసుము ఆగవు గదా. ఆ మూడు నెలలును ఆమె క్రొత్త దుప్పటి కొనక పాతదానిని రెండు మడతలు వేసి కప్పుకొన్నది. మేము చూచి యొక బొంత యిచ్చితిమి.

ఆదివారము సగము దినము ఆమెది. బట్టలుతుకుకొనుట, తలంటు, మా వారి పుస్తకములలో నొకదానిని తీసికొని యెండలో కూర్చుండుట. ధనుర్మాసము వచ్చినది మొదలు తెల్లవారకముందే దిగివచ్చి వాకిట మాతో ముగ్గు వేసెడిది. చుక్కలు తప్పక, గీతలు వంకరపోక, ఆమె చేయి ఎంత కుదురైనదో! గొబ్బెమ్మలు మా చిన్నది పెట్టెడిది. వానికి గుమ్మడిపూలు ఆమె యమర్చెడిది. ఆ అరగంట ఆమె ముఖమున కళ యుండెడిది.

రాత్రి తొమ్మిదిన్నరకు తల్లి ఫోను చేసెడిది. క్షేమములు, భోజనము, చలి, పిమ్మట ఒకటే ప్రశ్న: "ఏమైనా వచ్చిందా అమ్మా?" "వస్తుందమ్మా" యని యీమె యనెడిది. ఫోను పెట్టిన తరువాత చాలసేపు మెట్లమీద చీకటిలో కూర్చుండెడిది. తల్లి యడిగినది ప్రేమతోనే. అయినను రోజుకొకమారు ఆ ప్రశ్న తాకిడికి పిల్ల మనసు అరగిపోవుచుండెను. బిడ్డ సుఖము గోరి యడుగు మాటయే బిడ్డకు భారమగుట ఎట్టిదో మేమప్పుడు కన్నులార చూచితిమి.

ఇచ్చట మన తెలుగువారిలో మహాపరిశోధకుడగు నొకరి చలికాలము స్మరింపదగును. భీమవరమున 1895 లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాదేశపు బోస్టన్ నగరమున దిగిరి. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రము చదువుటకు వచ్చిన వైద్యుడు, పొట్టకొరకు ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచు కొలువున కుదిరిరి. మంచు కురియు ఆ దేశమున పగలు చదువు, రాత్రి ఊడిగము. 1925 నాటికి ఫిస్క్ అను ఆచార్యునితో కూడి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1930 లో డాక్టరేటు వచ్చెను. పిమ్మట లెడర్లీ ప్రయోగశాలలో వారి నాయకత్వమున బయల్వెడలిన డైఇథైల్ కార్బమజైన్ మాత్రనే బోదకాలు నివారణకు నేటికిని మన పల్లెలలో పంచుచున్నారు. రక్తపు క్యాన్సరుతో నున్న పసిబిడ్డలకు 1947 లో మొదటగా కొంత యూరట నిచ్చిన మందును వారి బృందము చేసినదే.

ఇంతవరకు పాఠ్యపుస్తకములలో నుండును. వారి ధర్మపత్ని శేషగిరిగారిని గూర్చి మాత్రము అంతగా వినము. సుబ్బారావుగారి ప్రయాణపు సొమ్ములో మామగారి సాయము కలదు. వెళ్ళినవారు మరల స్వదేశము రాలేదు. 1948 ఆగష్టులో న్యూయార్కున కన్నుమూసిరి. ఆ యిల్లాలు ఇరువదియైదేండ్లు ఎదురుచూచి, భర్తను మరల చూడకయే మిగిలినది. ఆయన విద్యకు మూల్యమిచ్చినవారిలో ఆమెయు నొకతె. ఎవ్వరును ఆయనను "ఈ సంక్రాంతికి వచ్చి ఉండిపొ"మ్మని పిలిచి పని మాన్పింపలేదు. పురుషుడు విద్యకై పోయిన ఇల్లు వేచియుండును. స్త్రీ పోయినచో ఇల్లు వేచియుండునా?

స్త్రీకి తలుపే తెరువని కాలమును గడచినది. 1933 లో కమలా సొహోనీగారు బొంబాయినుండి బెంగుళూరు విజ్ఞాన సంస్థకు దరఖాస్తు పెట్టగా, ఆడుది యన్న కారణమున సర్ సి.వి. రామన్‌గారు మొదట కాదనిరి. ఆమె పట్టు విడువక, ఒక యేడు షరతుమీద చేరి, పని చూపి మెప్పించినది. 1939 లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందినది. ఇప్పుడు తలుపు తెరచియే యున్నది, చేరుటకు అడ్డులేదు. నడుమ విడిచి రమ్మను పిలుపే నేటి యడ్డు. అది విద్యాలయమునుండి రాదు, మన యింటినుండి వచ్చును.

మా మేడమీది పిల్లకు మార్గశీర్షము చివర ఆ పిలుపు వచ్చినది. మంచి సంబంధము. వరుడు అమెరికాలో ఉద్యోగి. సంక్రాంతికి చూచుకొని మాఘమున వివాహము, వెంటనే ప్రయాణము. "నాలుగేళ్ళు చదివింది చాలు. ఎలాగూ ఏమీ రావడంలేదంటున్నావు" అని తండ్రిగారి మాట. ఆ రాత్రి ఆమె క్రిందికి దిగివచ్చి మా వంటయింటి గడపమీద కూర్చున్నది. "నాన్న అన్నదాంట్లో అబద్ధం లేదుగా, అక్కయ్యగారూ. ఏమీ రాలేదు. మానేస్తేనే మంచిదేమో" అన్నది.

తండ్రి మాట కాదనుమని చెప్పుట మాకు తగదు. మాని పొమ్మనుటకు నోరు రాలేదు. అప్పుడు మా వారు లోపలినుండి వచ్చి, "అమ్మా, మీ అమ్మగారిని ఒక్క నాలుగురోజులు ఇక్కడికి రమ్మను. నువ్వేం చేస్తున్నావో వాళ్ళకు చూపించనేలేదు గదా. చూశాక వాళ్ళు చెప్పినట్టు చెయ్యి" అనిరి.

పుష్యమాసము మొదట ఆమె తల్లి వచ్చినది. అయిదవ తరగతి చదివి, ఇంటి పాలలెక్క, కూలిలెక్క తానే వ్రాసికొను గృహిణి. మూడుదినములు కూతురు వెడలు వేళ, వచ్చు వేళ చూచినది. రసాయనములతో మరకలు పడిన చేతులను చూచినది. ప్రయోగశాల పుస్తకమును ఇంటికి తేరాదు. కాని పిల్ల తనకై రాత్రులు వ్రాసికొను చిన్నపుస్తకము బల్లపై నుండగా, నాలుగవనాడు తల్లి దానిని తెరచినది. ప్రతి పుటలో తేదీ, వేసిన సరకుల తూకము, పట్టిన గంటలు, చివర నొక అడ్డగీత.

"ఈ కొట్టివేతలన్నీ ఏమిటే?"

"అవన్నీ పోయినవమ్మా."

తల్లి వ్రేలు పెట్టి లెక్కించినది. అయిదవ మెట్టునకే అరువదియొక్కటి. పుస్తకము మూసి కొంతసేపు పలుకలేదు. పిమ్మట, "ఇంత పని చేసి, ఏమీ రాలేదంటావేమే! నేను నీవు ఖాళీగా కూర్చున్నావేమో అనుకుంటున్నాను" అన్నది. కూతురు తల్లి ఒడిలో తలపెట్టుకొని ఏడ్చినది. మేము తలుపు చేరవేసి క్రిందికి వచ్చితిమి.

సంక్రాంతికి తల్లీకూతుండ్రు కలిసి ఊరికి పోయిరి. తల్లియే తండ్రిగారితో మాటలాడినది. పరిశోధన ముగియుటకు రెండేండ్లు గడువడుగగా వరునివారు వేచియుండలేమనిరి. ఆ సంబంధము పోయినది. తండ్రిగారికి నేటికిని కష్టముగనే యున్నది. ఆ పిల్లకును ఆయన కష్టము చూచి బాధయే. ఈ నిర్ణయము వెలలేనిది కాదని సోదరీమణులు గ్రహింతురు గాక.

కనుమ పిమ్మట ఆమె తిరిగివచ్చి చూడగా, పండుగకు ముందు మూతపెట్టి చల్లని మూలనుంచిన పాత్రలో, నెలలుగా జిగట నూనెగా నిలిచిన పదార్థము సూదులవంటి స్ఫటికములుగా కట్టియుండెను. ఆనాడు ఆమె మెట్లెక్కిన చప్పుడే వేరు. స్ఫటికమును ఎక్స్‌రే పరీక్షకు పంపిరి. పది దినములకు ఫలితము వచ్చినది: అది వారు కోరినది కాదు. అణువులో నొకభాగము వేరొక ప్రక్కకు తిరిగి అతుకుకొన్నది. మేము వినుటతోనే అయ్యో యంటిమి. ఆమె మాత్రము, "కాదండీ, ఇప్పుడు ఎందుకు రావడంలేదో తెలిసింది. అరవైయొక్కటీ ఎందుకు పోయాయో ఇదొక్కటీ చెప్పింది" అన్నది. దారి మార్చి అయిదవ మెట్టు మరల మొదలుపెట్టినది. ఈ మాటలు వ్రాయు నాటికి ఆమె ఆరవ మెట్టున నున్నది.

ఇందుండి మేము నేర్చినది కొద్దియే, కాని ప్రతి యింటికిని పనికివచ్చును. చలికాలమున పాలు తోడుకొనుట ఎంత యాలస్యమో మనకు తెలియును. వెచ్చని పాలలో తోడు వేసి, గిన్నెకు గుడ్డ చుట్టి, పొయ్యిగట్టు ప్రక్కనుంచి, తెల్లవారుదాక కదపము. గంటకొకమారు మూత తీసి గరిటె పెట్టి చూచు ఇల్లాలికి పెరుగు దక్కదు. పరిశోధన చేయు బిడ్డయెడలను ఈపాటి యోర్పు మనకుండవలెను. "ఏమి వచ్చిన"దని యడుగుటకు మారుగా "ఈ రోజేం చేశావు?" అని యడిగిన చాలును. ఆ ప్రశ్నకు ఆమెయొద్ద ప్రతిదినము సమాధానముండును. వేతనము ఆలస్యమగునని తెలిసి మూడు నెలల ఖర్చు ఇంటియొద్ద ప్రత్యేకించి యుంచుట మంచిది. సంబంధము చూచునపుడు, మిగిలిన పని ఎంతయో, పెండ్లి పిమ్మట ఎచ్చట నెట్లు ముగింతురో ముందుగనే విప్పి మాటలాడుకొనవలెను. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2022 లో చేసిన నియమములలో స్త్రీలకు గడువుపై రెండేండ్ల సడలింపును, ప్రసూతికిని శిశుపోషణకును 240 దినముల సెలవును కలవు. విశ్వవిద్యాలయమున చదువు కూతుండ్ర తల్లులు ఈ సంగతి ఎరిగియుండుట మేలు. వరునివారికి చెప్పుటకును అక్కరకు వచ్చును.

హాలాహలము మింగుటకు మాకెవరున్నారని యడిగిన పిల్లకు ఆనాడు మేము బదులు చెప్పలేదు. చెప్పదగిన బదులు ఆమె తల్లియే యిచ్చినది: నాలుగు దినములు వచ్చి, చూచి, లెక్కించి, ఆ లెక్కను తీసికొనిపోయి ఇంట చెప్పినది. కూతురు చేయు పని పేరు ఆ తల్లికి నేటికిని సరిగా పలుకరాదు. పలుకవలసిన పనియు లేదు.